నీళ్లలో గేదె బేరం: గేమ్ ప్రీ-ఆర్డర్ ఏ దుకాణంలో ఎంత రిస్క్

నీళ్లలో ఉన్న గేదెను బేరమాడొద్దంటారు. పైకి కనిపించేది కొమ్ములు, కాస్త వీపు. పొదుగు ఎలా ఉందో, కాలు కుంటుతుందో గట్టెక్కితే గానీ తెలియదు. వీడియో గేమ్ విడుదల కాకముందే డబ్బు కట్టి కొనే ప్రీ-ఆర్డర్ అచ్చం అలాంటి బేరమే: ట్రైలర్‌లో కొమ్ములు చూపిస్తారు, గేదె మొత్తానికీ డబ్బు కట్టించుకుంటారు.

కాకపోతే అన్ని దుకాణాల్లోనూ ఈ బేరం ఒకేలా ఉండదు. గేమ్ బాగుంటుందో లేదో ముందుగా ఎవరూ చెప్పలేరు గానీ, బాగాలేకపోతే డబ్బు ఎప్పటిదాకా వెనక్కి వస్తుందో మాత్రం ముందే తెలుసుకోవచ్చు. ఇక్కడ ఒక్కో దుకాణాన్నీ ఆ ఒక్క తక్కెడలోనే తూచాం.

ముందు ఒక పాత అపోహ. ప్రీ-ఆర్డర్ అలవాటు కార్ట్రిడ్జ్‌లు, డిస్కుల కాలం నాటిది. షాపుకి పది కాపీలు వస్తే పదకొండో మనిషి ఉత్త చేతులతో తిరిగి వెళ్లాల్సిందే కాబట్టి అప్పట్లో అడ్వాన్స్ ఇవ్వడానికి అర్థం ఉండేది. డౌన్‌లోడ్‌కి స్టాకు అయిపోవడమంటూ లేదు. విడుదలైన రోజున కొన్నా, వారం తర్వాత కొన్నా దొరికేది అదే ఫైలు. ఇంకా చెప్పాలంటే వారం తర్వాత దొరికేది రెండు ప్యాచ్‌లు, అంటే తప్పులు సరిదిద్దే అప్‌డేట్లు, పడిన ఫైలు.

ప్రీ-ఆర్డర్ గురించి మాట్లాడితే సైబర్‌పంక్ 2077ని దాటి వెళ్లలేం. 2020 ఏప్రిల్ 16న రావాల్సిన గేమ్ సెప్టెంబర్ 17కి, అక్కణ్నుంచి నవంబర్ 19కి, చివరికి డిసెంబర్ 10కి జరిగింది. అప్పటికి పడిన ప్రీ-ఆర్డర్లు 80 లక్షలు. వాటి మీద వచ్చే ఆదాయంతోనే గేమ్ తయారీ ఖర్చు, ఆ ఏడాది ప్రచారం ఖర్చు తీరిపోయాయని దాన్ని తయారుచేసిన సీడీ ప్రాజెక్ట్ కంపెనీయే ప్రకటించింది. విడుదలకు మూడు రోజుల ముందు వచ్చిన రివ్యూలు బ్రహ్మాండంగా ఉన్నాయి. మెలిక ఏంటంటే, రివ్యూ రాసేవాళ్లకి ఇచ్చింది పీసీ కాపీలు మాత్రమే. పీఎస్4, ఎక్స్‌బాక్స్ వన్ కన్సోళ్ల మీద అది ఎలా నడుస్తుందో విడుదల రోజు దాకా బయటివాళ్లెవరికీ తెలియదు. నడిచిన తీరు ఎంత ఘోరమంటే, వారం తిరిగేసరికి సోనీ తన ప్లేస్టేషన్ స్టోర్ నుంచి గేమ్‌ని తీసేసి, అడిగినవాళ్లకి పూర్తి డబ్బు వెనక్కి ఇస్తామంది. మళ్లీ అమ్మకానికి పెట్టింది 2021 జూన్ 21న. ఇవాళ ఆ గేమ్ చాలా బాగుంది, ఆ మాటా చెప్పాలి. దాన్ని నిలబెట్టిన 2.0 ప్యాచ్ 2023 సెప్టెంబర్‌లో వచ్చింది.

దీన్నుంచి పట్టుకోవాల్సిన ఆనవాలు ఒకటే. రివ్యూలు ఎప్పుడొచ్చాయన్నదాంతో పాటు ఏ మెషీన్ మీద ఆడి రాశారో చూడండి. మీ దగ్గరున్నది పీఎస్5 అయితే, హై-ఎండ్ పీసీ మీద రాసిన రివ్యూ మీకు పనికొచ్చేది సగమే. విడుదలయ్యే గంట దాకా రివ్యూల మీద నిషేధం ఉందంటే మాత్రం కార్డు జేబులోనే ఉంచుకోండి.

స్టీమ్

పీసీ గేమ్‌లు డౌన్‌లోడ్‌గా అమ్మే దుకాణం. మా లెక్కలో అన్నిటికన్నా సురక్షితం ఇదే. విడుదలకు ముందు ఏ రోజైనా క్యాన్సిల్ చేసుకోవచ్చు. విడుదలయ్యాక మామూలు రూల్ వర్తిస్తుంది: 14 రోజుల్లోపు అడగాలి, ఆడిన సమయం 2 గంటలు దాటకూడదు. ప్రీ-ఆర్డర్‌కి ఆ 14 రోజులు డబ్బు కట్టిన రోజు నుంచి కాకుండా విడుదల తేదీ నుంచి మొదలవుతాయి. స్టీమ్ సపోర్ట్‌లోకి వెళ్లి, కొనుగోళ్ల లిస్టులో గేమ్ పేరు నొక్కి, రిఫండ్ కావాలన్న ఆప్షన్ ఎంచుకుంటే చాలు. కారణం ఒక్క ముక్కలో రాసినా సరిపోతుంది. రిక్వెస్ట్ ఓకే అయిన వారంలోపు డబ్బు వచ్చేస్తుంది. స్టీమ్ వాలెట్‌లోకి కావాలా, కట్టిన దారిలోనే వెనక్కి కావాలా అని అడిగినప్పుడు చూసి నొక్కండి. కంగారులో వాలెట్ ఎంచుకుంటే ఆ డబ్బు ఇక స్టీమ్ గడప దాటదు.

అసలు తిరకాసు ఆ 2 గంటల్లో ఉంది. గడియారం గేమ్ ప్రోగ్రామ్ తెరుచుకున్న క్షణం నుంచి తిరుగుతుంది, మీరు ఆడుతున్నారా లేదా అన్నది దానికి అనవసరం. ఈ మధ్య పెద్ద గేమ్‌లు చాలావరకు మొదటిసారి తెరవగానే షేడర్లు కంపైల్ చేస్తాయి, అంటే మీ గ్రాఫిక్స్ కార్డుకి తగ్గట్టు బొమ్మల లెక్కలన్నీ ముందే కట్టి పెట్టుకుంటాయి. ఆ పని పడేది ప్రాసెసర్ మీద. 2023 మార్చి 28న ద లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 1 పీసీకి వచ్చినప్పుడు, పాత ప్రాసెసర్లున్న చాలామందికి ఈ కంపైలింగ్‌కే గంట పైన పట్టింది. మెనూ స్క్రీన్ దగ్గర కూర్చోబెట్టి రెండు గంటల్లో సగం మింగేసిందన్నమాట. పైగా కంపైల్ పూర్తవకుండా ఆట మొదలుపెడితే కుదుపులు. ఆ కుదుపులు గేమ్‌వో, షేడర్లవో తేల్చుకునేలోపు టైమ్ అయిపోతుంది.

అందుకని మొదటిసారి తెరిచినప్పుడు కంపైల్ అయ్యేదాకా కదలొద్దు. స్టీమ్ లైబ్రరీలో ఆడిన సమయం ఎంత చూపిస్తుందో రాసుకోండి. కట్‌సీన్లు, అంటే మధ్యలో వచ్చే కథ వీడియోలు, దాటేసి, బయట తిరిగే మొదటి పెద్ద చోటుకి నేరుగా వెళ్లండి. గేమ్ తడబడేది సాధారణంగా అక్కడే. 90 నిమిషాల దగ్గర ఆపి నిర్ణయం తీసుకోండి.

డబ్బు ఎక్కువ కట్టినవాళ్లకి మూడు రోజుల ముందే ఆడనిచ్చే ఎడిషన్లు ఉంటాయి కదా, ఒకప్పుడు ఆ రోజుల్లో ఆడిన గంటలు లెక్కలోకి వచ్చేవి కావు. 2024 ఏప్రిల్‌లో స్టీమ్ ఆ కిటికీ మూసేసింది. ఇప్పుడు ముందస్తుగా ఆడిన ప్రతి నిమిషమూ ఆ 2 గంటల్లో భాగమే.

ఇన్ని వెసులుబాట్లున్నా స్టీమ్‌లో రెండు నెలల ముందు కట్టి మీకు ఒరిగేదేంటి? దాదాపు ఏమీ లేదు. నష్టం తక్కువ, లాభం సున్నా.

ప్లేస్టేషన్ స్టోర్

ఇక్కడ రూల్ ఒకటికి రెండుసార్లు చదవాలి. విడుదలకు 14 రోజులకన్నా ముందే డబ్బు కడితే, విడుదల తేదీ దాకా మాత్రమే క్యాన్సిల్ చేసుకోవచ్చు. 14 రోజుల లోపు కడితే, కట్టిన రోజు నుంచి 14 రోజుల దాకా రిఫండ్ అడగొచ్చు, డౌన్‌లోడ్ గానీ స్ట్రీమింగ్ గానీ మొదలుపెట్టకుండా ఉంటే.

తేదీలు వేసి చూడండి. గేమ్ 20న వస్తుందనుకుందాం. 1వ తేదీన కట్టినవాడి హక్కు 20తో సరి. 15న కట్టినవాడికి 29 దాకా ఉంది, అంటే విడుదలయ్యాక తొమ్మిది రోజుల పాటు రివ్యూలు, వీడియోలు చూసి మనసు మార్చుకోవచ్చు. ముందుగా నమ్మి డబ్బిచ్చినవాడికే తక్కువ రక్షణ! ఇంతకన్నా విచిత్రమైన ప్రీ-ఆర్డర్ రూల్ మా కంటపడలేదు.

ఆ తొమ్మిది రోజులు కూడా నిలవాలంటే ఆటో-డౌన్‌లోడ్ ఆపాలి. ప్రీ-ఆర్డర్ చేసిన గేమ్ విడుదలకు ఒకటి రెండు రోజుల ముందు రెస్ట్ మోడ్‌లో ఉన్న పీఎస్5 లోకి దానంతటదే దిగిపోతుంది. రాత్రి మీరు నిద్రపోతుండగా మీ రిఫండ్ హక్కు కూడా చల్లగా జారుకుంటుంది. సోనీ గేమ్ ఇక్కడ ₹4,999 పలుకుతున్న రోజుల్లో ఇది చిన్న విషయం కాదు.

పూర్తిగా చేతులెత్తేసినప్పుడు కంపెనీలు డబ్బు ఇచ్చేస్తాయన్నదీ నిజమే. 2024 ఆగస్టు 23న వచ్చిన కాంకర్డ్ అనే ఆన్‌లైన్ గేమ్ సర్వర్లని సోనీ సెప్టెంబర్ 6న ఆపేసి, కొన్న అందరికీ డబ్బు వాపస్ ఇచ్చింది. కానీ గేమ్ అంతలా మునిగితేనే ఆ దయ. ఓ మోస్తరుగా చెడ్డదైతే భరించాల్సింది మీరే.

మిగతావి

ఎపిక్ స్టోర్ రూల్ స్టీమ్‌కి దగ్గరగానే ఉంటుంది. ఇక పీసీ కీలు, అంటే స్టీమ్ లాంటి చోట ఎక్కిస్తే గేమ్ మీదయ్యే కోడ్లు, 10, 15 శాతం తగ్గించి అమ్మే సైట్లు. ప్రీ-ఆర్డర్‌లో నిజమైన డిస్కౌంట్ దొరికేది వీటిలోనే, అందుకే ఆశ పుడుతుంది. అయితే కీ ఒకసారి తెరిచి చూశారంటే రిఫండ్ మాట మరిచిపోవచ్చు. స్టీమ్‌లో యాక్టివేట్ చేసినా స్టీమ్ రూల్ దానికి వర్తించదు, డబ్బు తీసుకుంది స్టీమ్ కాదు కాబట్టి. ₹600 మిగుల్చుకోబోయి ₹3,400కి హామీ పోగొట్టుకోవడమే ఇది.

బోనస్‌లు, ప్రీలోడ్

ప్రీ-ఆర్డర్ బోనస్ అంటే ఎక్కువగా ఒక చొక్కా, ఒక కత్తి, గుర్రానికో జీను. కత్తి మొదటి అరగంటలోనే దండగవుతుంది, అంతకన్నా మంచిది గేమ్‌లోనే దొరుకుతుంది. దీన్ని మరీ సాగదీసిన ఘనత డ్యూస్ ఎక్స్: మ్యాన్‌కైండ్ డివైడెడ్‌ది. ఎంతమంది ప్రీ-ఆర్డర్ చేస్తే అన్ని మెట్ల బహుమతులని 2015లో పథకం పెట్టి, జనం తిట్టిపోస్తే అదే ఏడాది ఎత్తేశారు.

ఖరీదైన ఎడిషన్లతో ఇంకా జాగ్రత్త. స్టార్‌ఫీల్డ్ ప్రీమియం ఎడిషన్ 99.99 డాలర్లు, మామూలుది 69.99. ఆ 30 డాలర్లకి ఐదు రోజుల ముందు ఆట, తర్వాత రాబోయే ఎక్స్‌పాన్షన్, అంటే గేమ్‌కి కలిపే అదనపు భాగం. గేమ్ 2023 సెప్టెంబర్‌లో వచ్చింది, ఎక్స్‌పాన్షన్ 2024 సెప్టెంబర్ 30న. అంటే ఏడాది ముందు కట్టిన రెండో ప్రీ-ఆర్డర్ మొదటిదాని కడుపులో దాక్కుని ఉంది.

కాస్తో కూస్తో విలువున్నది ప్రీలోడ్. 100 జీబీ గేమ్ 100 ఎంబీపీఎస్ లైన్ మీద పూర్తి వేగంతో వచ్చినా రెండుంపావు గంటలు పడుతుంది, 40 ఎంబీపీఎస్ అయితే ఐదున్నర గంటలు. అది ముందే దించుకోవడం మంచిదే. కానీ ప్రీలోడ్ తెరిచేది సాధారణంగా విడుదలకు రెండు రోజుల ముందు, ఆ రోజున కొన్నా అంతే పని జరుగుతుంది. స్టీమ్‌లో ప్రీలోడ్ ఫైళ్లు తాళం వేసి వస్తాయి. విడుదల క్షణంలో తాళం తీసి విప్పడానికి డిస్కులో గేమ్ సైజంత ఖాళీ ఇంకా కావాలి. పాత హార్డ్ డిస్క్ మీద ఆ విప్పడం ఎంత నెమ్మదంటే, కొన్నిసార్లు మళ్లీ మొదటి నుంచి డౌన్‌లోడ్ చేసుకోవడమే నయం. ఎస్ఎస్‌డీ ఉంటే ఈ బెడద లేదు.

పీసీవాళ్లు ప్రీలోడ్‌కన్నా ముందు చూసుకోవాల్సింది బెంచ్‌మార్క్ టూల్ ఇచ్చారా అని. బ్లాక్ మిత్: వుకాంగ్, మాన్‌స్టర్ హంటర్ వైల్డ్స్ రెండూ విడుదలకు ముందే స్టీమ్‌లో ఉచితంగా ఇచ్చాయి. పది నిమిషాల్లో మీ మెషీన్ మీద ఎన్ని ఫ్రేములు వస్తాయో తేలిపోతుంది. గేదె గట్టెక్కి నాలుగడుగులు నడిచి చూపించినట్టే.

డిస్కులు

ముందుగా కట్టడంలో న్యాయం ఉన్న చోటు ఇదొక్కటే, అదీ కలెక్టర్ ఎడిషన్లకి: బొమ్మ, స్టీల్ డబ్బా, లెక్క ప్రకారం తయారయ్యే కాపీలు. ఇవి నిజంగా అయిపోతాయి. కట్టేముందు పెట్టెలో డిస్కు ఉందా, కోడ్ కాగితం ఉందా అని తప్పకుండా అడగండి, డిస్కు లేని కలెక్టర్ ఎడిషన్లు కూడా వస్తున్నాయి. షాపులో అడ్వాన్స్ ఇస్తే రసీదు మీద గేమ్ పేరు, ఏ కన్సోల్‌కి, ఏ ఎడిషన్, మొత్తం ధర, విడుదల వాయిదా పడితే డబ్బు వెనక్కిస్తారా అన్నది రాయించుకోండి. వాయిదాలు మామూలే. జీటీఏ 6 ముందు 2025 అన్నారు, తర్వాత 2026 మే 26 అన్నారు, ఆపైన నవంబర్ 19 అన్నారు.

అమెరికాలో ఉన్న బంధువుల చేత తెప్పించుకునేవాళ్లకి ఒక హెచ్చరిక. 69.99 డాలర్లని రూపాయల్లోకి మారిస్తే ఇక్కడి ₹4,999 కన్నా ఎక్కువే అవుతుంది, సేల్స్ ట్యాక్స్ అదనం. అక్కడి పీఎస్5 డిస్కు మన కన్సోల్‌లో నిక్షేపంగా ఆడుతుంది, కానీ పెట్టెలో వచ్చే ప్రీ-ఆర్డర్ బోనస్ కోడ్ అమెరికా అకౌంట్‌కే పడుతుంది. తర్వాత ఇండియా స్టోర్‌లో కొన్న ఎక్స్‌పాన్షన్ ఆ డిస్కుని గుర్తించకపోవచ్చు. అదే కన్సోల్‌లో ఒక అమెరికా అకౌంట్ కూడా తెరిచి, కోడ్లు, ఎక్స్‌పాన్షన్లు అందులోనే వేసుకోవాలి.