లేనియర్‌లో ఒక బోటు, అలటూనాలో ఒక బోటు

అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, అట్లాంటా పక్కన కమ్మింగ్‌లో ఉంటూ, లేనియర్ సరస్సు ఇంత దగ్గరలో పెట్టుకుని ప్రతి వేసవికీ అద్దె బోట్ల కోసం పోటీపడటం మా ఆవిడకి విసుగొచ్చింది. సెకండ్ హ్యాండ్‌లో వెతగ్గా చివరికి రెండు బోట్లు మిగిలాయి. రెండూ 19 అడుగులవే, ముందు భాగంలో కూడా సీట్లుండే బోరైడర్లే. ధరలోనూ పెద్ద తేడా లేదు. ఒకటి స్టెర్న్‌డ్రైవ్, అంటే ఇంజను బోటు లోపల ఉంటుంది. రెండోది ఔట్‌బోర్డ్, ఇంజను మొత్తం వెనక బయటే.

నీళ్లలో నడపనిదే బేరం లేదన్నాం. మేం వచ్చేదాకా ఇంజను స్టార్ట్ చేయొద్దని కూడా చెప్పాం. చల్లటి ఇంజను ఎలా అందుకుంటుందో చూస్తేనే దాని ఆరోగ్యం తెలుస్తుంది.

స్టెర్న్‌డ్రైవ్‌ని లేనియర్‌లోనే చూశాం. చట్టహూచీ నది మీద బ్యూఫర్డ్ డ్యామ్ కడితే ఏర్పడిన సరస్సు ఇది. వేసవి శనివారం అక్కడ పెద్ద బోట్లు లేపే అలలకి చిన్నవి గుంతల రోడ్డు మీద ఆటోలా ఎగిరిపడతాయి. ఇది మాత్రం నిబ్బరంగానే పోయింది. వెనక ఈత కొట్టేవాళ్ల కోసం వెడల్పాటి మెట్టు ఉంది. ఇంజను ఆపాక అమ్మ దాని మీద కూర్చుని, కాళ్లు నీళ్లలో పెట్టి, "ఇదే తీసుకోరా" అంది. ఇంజను నడుస్తుంటే మాత్రం అక్కడ ఎవరినీ కూర్చోనివ్వకూడదు. ఇంజను పొగలో ఉండే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్ పోగయ్యేది అక్కడే. స్టార్ట్ చేసే ముందు లోపలి పెట్రోలు ఆవిరి పోయేలా 4 నిమిషాలు బ్లోయర్ (గాలిని బయటికి తోసే ఫ్యాన్) కూడా వేయాలి.

ఔట్‌బోర్డ్ అలటూనా సరస్సులో దొరికింది. లేనియర్ కంటే చాలా చిన్న సరస్సు, ఆదివారం పొద్దున్నే వెళ్లాం కాబట్టి బోట్లు నీళ్లలోకి దించే ర్యాంప్ దగ్గర లైను లేదు. వెనక ఇంజను అడ్డం, ఎక్కే నిచ్చెన ఓ మూలకి. పిల్లలకి పర్వాలేదు గానీ అమ్మకి చెయ్యందించాల్సి వచ్చింది. లోపల ఇంజను పెట్టె లేకపోవడంతో కింద బోలెడంత చోటు. పులిహోర డబ్బాలు తెరిచి అందరం చుట్టూ కూర్చున్నాం.

మేం మాట్లాడుకున్న మెకానిక్ రెండింటి గేర్ ఆయిలూ తీసి చూశాడు. అది పాలలా తెల్లగా ఉంటే నీళ్లు చేరినట్టు. రెండూ శుభ్రమే. స్టెర్న్‌డ్రైవ్‌కి వెనక ఉండే బెలోస్ (మడతల రబ్బరు గొట్టాలు) ఎప్పుడు మార్చారో కాగితం లేదు. అవి చిరిగితే నీళ్లు బోటులోకే వస్తాయి. పైగా జార్జియా చలికాలంలో గడ్డకట్టే రాత్రులుంటాయి. లోపలి ఇంజనులో నీళ్లు మిగిలితే బ్లాకు పగలొచ్చు. ఔట్‌బోర్డ్‌ని నిలువుగా దించి ఉంచితే నీళ్లు వాటంతటవే కారిపోతాయి.

వారమంతా ఆఫీసులో ఉండే నాకు ఈ మరమ్మతుల టెన్షన్ వద్దు. ఔట్‌బోర్డే తీసుకున్నాం. అమ్మ కోసం వెడల్పు మెట్ల నిచ్చెన వేయిస్తున్నాం. ట్రైలర్ టైర్లు పాతబడ్డాయని ధర కాస్త తగ్గించారు. జార్జియాలో బోట్లకి టైటిల్ (యాజమాన్య పత్రం) ఇవ్వరు కాబట్టి బోటు గుర్తింపు సంఖ్య అయిన హల్ నంబరు రాసిన బిల్ ఆఫ్ సేల్ (అమ్మకం కాగితం) మీద సంతకం పెట్టించుకున్నాకే డబ్బిచ్చాం. 13 ఏళ్లలోపు పిల్లలు కదిలే బోటులో లైఫ్ జాకెట్ వేసుకోవాలని ఇక్కడి చట్టం. మా వాళ్ల సైజులవి అంతకుముందే కొనేశాం.