డిపోలో డ్యూటీల పంపకం: వంతుల చక్రమా, సీనియర్ల ఎంపికా, సాఫ్ట్‌వేర్ పాయింట్లా?

రైలు డ్రైవర్ల డిపోలో కొత్త రోస్టర్ (ఎవరికి ఏ రోజు ఏ డ్యూటీ అనే పట్టిక) గోడకు అంటించిన రోజు ఎవరూ మొత్తం పనిగంటలు లెక్కపెట్టుకోరు. నాకు ఎన్ని నైట్‌లు పడ్డాయి, పక్కవాడికి ఎన్ని ఆదివారాలు సెలవొచ్చింది అనేదే చూస్తారు. గొడవంతా అక్కడే.

నిజానికి ఇందులో రెండు పనులున్నాయి. రైళ్ల టైమ్‌టేబుల్‌ను ముక్కలు చేసి డ్యూటీలుగా కట్టడం మొదటిది: ఏ రైలు నడిపి, ఎక్కడ దిగి, ఏ రైల్లో తిరిగి రావాలనేది. వచ్చే రైలు కోసం గంటలకొద్దీ కూర్చోవడం, డ్యూటీలోనే ప్రయాణికుడిలా వెనక్కి రావడం ఇవన్నీ దండగ ఖర్చు. వాటిని తగ్గించడం కంప్యూటర్‌కు వదిలేయొచ్చు, మనిషి బుర్రతో అన్ని కూర్పులు చూడటం అయ్యే పని కాదు. తయారైన డ్యూటీలను మనుషులకు పంచడం రెండోది. ఏది మేలు అన్న ప్రశ్న దీని గురించే.

వంతుల చక్రం సంగతి చూద్దాం. పన్నెండు మంది డ్రైవర్లు, పన్నెండు వారాల వరుసలు. ఈ వారం మొదటి వరుసలో ఉన్నవాడు వచ్చే వారం రెండో వరుసకు జరుగుతాడు, చివరి వరుసవాడు మళ్లీ మొదటికి వస్తాడు. ఆదివారం ఏడుగురు కావాలనుకుంటే, మిగతా ఐదుగురికి సెలవు. పన్నెండు వారాలు తిరిగేసరికి ప్రతి ఒక్కరికీ సరిగ్గా ఐదు ఆదివారాలు దక్కుతాయి. మూడు నెలల తర్వాత పెళ్లికి వెళ్లగలనో లేదో ఇప్పుడే చెప్పొచ్చు.

అదే డిపోలో సీనియారిటీ ప్రకారం కోరుకోమంటే? ఆదివారం ఇల్లు అందరికీ కావాలి కాబట్టి పై ఐదుగురికి ప్రతి ఆదివారం సెలవు, కింది ఏడుగురికి ఒక్కటీ ఉండదు. ‘మేమూ ఒకప్పుడు అలాగే చేశాం, రేపు వాళ్లూ సీనియర్లవుతారు’ అంటారు పెద్దవాళ్లు. ఆ మాటలో కొంత న్యాయం ఉంది. కానీ ఇంట్లో చిన్నపిల్లలుండేది ఎక్కువగా జూనియర్లకే. పైగా అనుభవం తక్కువున్న వాళ్లందరూ రాత్రి డ్యూటీల్లోనే పోగవుతారు. నాకైతే ఈ పద్ధతి సీనియర్లు పాత బాకీ వసూలు చేసుకునే దారిలాగే కనిపిస్తుంది.

చక్రానికి ఇంకో లాభముంది. ముందే గీసేది కాబట్టి డ్యూటీల క్రమం చూసుకోవచ్చు. సాయంత్రం డ్యూటీ 22:30కి దిగి, మర్నాడు 5:00కి ఎక్కాలంటే మధ్యలో ఆరున్నర గంటలే. ఇంటికి వెళ్లి, తిని, పడుకుని, మళ్లీ రావాలి. చట్టం ఒప్పుకోకపోవడం అటుంచి, నిద్రే ఉండదు. అదే ఉదయం డ్యూటీ 13:00కి దిగి, మర్నాడు 14:30కి ఎక్కితే ఇరవై అయిదున్నర గంటల విశ్రాంతి. మన శరీర గడియారం చాలామందిలో 24 గంటలకు కాస్త ఎక్కువ, అందుకే ఆలస్యంగా పడుకోవడం తేలిక, అలవాటైన వేళకంటే ముందే పడుకోవడం కష్టం. ఉదయం, సాయంత్రం, రాత్రి అనే వరుసే సుఖం.

మరి లోపాలు? అందరికీ అన్ని రూట్లూ, అన్ని ఇంజిన్లూ తెలిసి ఉండాలి, ఆ శిక్షణ ఖర్చు చిన్నది కాదు. ట్రాక్ పనుల వల్ల టైమ్‌టేబుల్ మారిన ప్రతిసారీ చక్రం చెదురుతుంది. చదువులు, ముసలి తల్లిదండ్రులు వంటి ఇంటి అవసరాలు దానికి పట్టవు.

ఆ అవసరాల కోసమే మూడో దారి: ప్రతి ఒక్కరూ కోరికలు రాసిస్తారు, కష్టమైన డ్యూటీలకు పాయింట్లు ఇస్తారు, సాఫ్ట్‌వేర్ అందరి మొత్తాలూ దగ్గరగా ఉండేలా పంచుతుంది. వినడానికి ఇదే అన్నిటికంటే బాగుంటుంది. చిక్కల్లా, నాకే ఇది ఎందుకు పడిందని అడిగితే చెప్పేవాడుండడు. చక్రాన్ని గోడ మీద చూసి ఎవరైనా సరిచూసుకోగలరు.

డిపోల మధ్య న్యాయం వేరే లెక్క, అది చక్రంతో తేలదు. నెదర్లాండ్స్‌లో ఒక రైలు ఆలస్యం మిగతావాటికి పాకకూడదని సిబ్బందిని కొద్ది రూట్లకే కట్టేస్తే, చూసిన దారే చూడలేక 2001లో దేశమంతా సమ్మెలు చేశారు. తర్వాత కుదిరిన పద్ధతిలో తీపి పనీ చేదు పనీ డిపోలన్నిటికీ పంచారు. ప్రయాణికులతో గొడవలు ఎక్కువుండే రైళ్లు ఒకే డిపో నెత్తిన పడకుండా చూశారు. సమయపాలన మెరుగుపడింది, పాత నిబంధనలతో పోలిస్తే ఏటా సుమారు 1.2 శాతం ఆదా కూడా అయింది. న్యాయం చేస్తే ఖర్చు పెరుగుతుందనే మేనేజర్లకు చూపించాల్సిన లెక్క ఇది.

నా ఓటు చక్రానికే, కాకపోతే మార్పిడికి వీలుండాలి. ఇద్దరూ ఒప్పుకుంటే డ్యూటీలు మార్చుకోవచ్చు, ఇద్దరికీ ముందూ వెనకా విశ్రాంతి సరిపోతుందో లేదో సాఫ్ట్‌వేర్ చూసి సరేననాలి. పాయింట్లను స్పేర్ వరుసకు, అంటే ఎవరైనా రాకపోతే పిలవడానికి ఉంచుకున్న వాళ్లకు వాడాలి. ఎవరైనా సిక్ అయితే ఆ రాత్రి ఎవరిని పిలిచారో రాసిపెట్టి, తర్వాతిసారి తక్కువ పాయింట్లున్నవాడిని పిలవాలి. ఐదారుగురే ఉండే చిన్న డిపోలో మాత్రం ఒక్కడు సెలవు పెట్టినా చక్రం ఆగిపోతుంది. అక్కడ నెలనెలా కూర్చుని పాయింట్ల పట్టీతో పంచుకోవడమే నయం.