డైవింగ్ రుషికొండలో, గాలం రంభలో

మా ఆయనకి గాలం పిచ్చి. నాకేమో నీళ్ల అడుగున ఏముందో చూడాలని కోరిక. రెండూ ఒకేచోట కుదురుతాయని తెలిసినవాళ్లంతా ఒడిశాలోని చిలికా సరస్సు పేరు చెప్పారు. కుదరవు. చిలికాలో ఎక్కువచోట్ల లోతు రెండు మూడు మీటర్లకు మించదు, అడుగంతా బురద. సిలిండరు కట్టుకుని దిగినా కనపడేదేమీ ఉండదు. అందుకని ఒడిశా కొండల్లోని మా సునాబెడలో బయల్దేరేటప్పుడే అనుకున్నాం: డైవింగ్ విశాఖ దగ్గర రుషికొండలో, పడవ, గాలం, టెంటు చిలికా ఒడ్డునే ఉన్న గంజాం జిల్లా రంభలో.

మా కొండ ప్రాంతాల వాళ్లు ముందు డైవింగ్, తర్వాత రంభ అనే ఈ వరుస తారుమారు చేయకూడదు. డైవ్ చేశాక ఒంట్లో కరిగిన నైట్రోజన్ బయటికి పోవడానికి టైమ్ పడుతుంది, ఈలోగా ఎత్తుకి వెళ్తే అది బుడగలు కట్టి ప్రమాదం. ఒక్క డైవ్ తర్వాత కనీసం 12 గంటలు, ఒకటికి మించి చేస్తే 18 గంటలు విమానం ఎక్కొద్దంటారు. 600 మీటర్లు దాటిన ఘాట్ రోడ్డుకీ అదే లెక్క. కోరాపుట్, సునాబెడ, అరకు అన్నీ దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉన్నాయి. పొద్దున రుషికొండలో డైవ్ చేసి మధ్యాహ్నానికి అరకు ఎక్కేసే ప్లాన్‌లు చాలానే చూశాను, భయమేసింది. మేం ముందు డైవ్, తర్వాత రోడ్డు మీద ఇచ్ఛాపురం దాటి రంభ, ఆఖరున కొండెక్కి ఇల్లు అని పెట్టుకున్నాం.

రుషికొండలో నాకు నచ్చింది సముద్రం కాదు, నేర్పినతను. ముందు ఆస్తమా ఉందా, చెవి నొప్పి ఉందా అని ఫారం నింపించాడు. మా ఆయన ముక్కు చీదడం చూసి "సార్, జలుబుంటే దించను" అన్నాడు. ఈయన ఎంత బతిమాలినా వినలేదు. జలుబుతో చెవుల్లో ఒత్తిడి సర్దుకోదు, కర్ణభేరికే ప్రమాదం. వచ్చిన బేరాన్ని అలా వద్దనేవాడి చేతిలో ప్రాణం పెట్టొచ్చు. ఒక్క విషయం మాత్రం మర్చిపోకండి: నీళ్లలో బొటనవేలు పైకెత్తితే 'బాగుంది' అని కాదు, 'పైకి వెళ్దాం' అని. కొత్తవాళ్లు సంబరంగా వేలెత్తుతారు, అతను పైకి తెచ్చేస్తాడు. ఇక నీళ్ల సంగతి. మేం వెళ్లిన రోజు చేయి చాచినంత మేర తప్ప స్పష్టంగా లేదు. రాళ్లూ చిన్న చేపలూ కనిపించాయి. అండమాన్ వీడియోలు చూసి వెళ్తే ఉసూరుమంటారు.

రంభలో ఒడిశా టూరిజం వాళ్ల అతిథిగృహం పంథనివాస్ సరస్సు ఒడ్డునే ఉంది, అక్కడి నుంచే పడవలు దొరుకుతాయి. ఈయనకి టెంటే కావాలి కాబట్టి ఒడ్డున ఒక ప్రైవేటు క్యాంపులో దిగాం. టెంటు లోపల మంచాలు, పరుపులు, దోమతెర శుభ్రంగా ఉన్నాయి. కానీ రాత్రి పక్క టెంట్ల వాళ్లు పెద్ద స్పీకరు పెట్టారు. మేనేజరుకి చెబితే నవ్వి ఊరుకున్నాడు. బాత్రూమ్ కూడా చీకట్లో టార్చి పట్టుకుని నడవాల్సినంత దూరం. పెద్దవాళ్లు వెంట ఉంటే పంథనివాసే మేలు. మళ్లీ వెళ్తే నేనూ అక్కడే దిగుతాను, ఆయన ఏమన్నా సరే.

పడవ మాత్రం పైసా వసూల్. మనిషికింత అని కాకుండా మొత్తం పడవకి గంటల లెక్కన మాట్లాడుకోండి, లైఫ్ జాకెట్ ముందే అడిగి తీసుకోండి. మా పడవాయన ఒడియా మనిషి, బరంపురం తెలుగు కాస్త వచ్చు. మేం "భాయ్‌నా" (అన్నా) అని పిలిస్తే ఆయన "రండమ్మా" అనేవాడు. రంభ వైపు చిలికా మిగతా భాగంలా కాదు. రాతి దీవులున్నాయి, నీళ్లు తేటగా ఉంటాయి. హనీమూన్ ఐలాండ్ అనే బర్కుడా దగ్గర పడవ అంచు మీద నుంచి వంగితే అడుగున ఎర్రటి, పచ్చటి నాచు కనపడింది. రుషికొండలో కంటే ఇక్కడే నాకు నీటి అడుగు బాగా కనపడింది, నవ్వొచ్చింది. కాళ్లు లేని బర్కుడా బల్లిని 1917లో అనండేల్ అనే శాస్త్రవేత్త లోకానికి తెలియజేసింది ఈ దీవి నుంచే. మాకు కనపడలేదు, మట్టిలో ఉండే జీవి కదా. జంటలు పేరు చూసి ఆశపడొద్దు, అక్కడున్నవి పొదలే. బీకన్ ఐలాండ్‌లో రాతిగుట్ట మీద ఈస్టిండియా కంపెనీ కాలపు గంజాం కలెక్టరు స్నాడ్‌గ్రాస్ కట్టించిన దీపస్తంభం ఉంది, ఫొటోకి బాగుంటుంది.

గాలం రాళ్ల పక్కన వేయించాడు పడవాయన. రొయ్య ముక్క ఎర. పడింది చిన్న జెల్లలే. వాటి ముల్లు గుచ్చుకుంటే చేయి వాచిపోతుందని గుడ్డతో పట్టి తనే తీశాడు. పండుగొప్ప కోసం ఈయన మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు, గాలి లేవగానే పడవాయన పడవ వెనక్కి తిప్పేశాడు. ఎవరు ఎంత చెప్పినా చిలికాలోని నలబణ దీవి వైపు మాత్రం గాలం పట్టుకెళ్లొద్దు, అది 1987 నుంచి పక్షుల అభయారణ్యం.

జెల్లల్ని క్యాంపు వంటాయన ఆవపిండి పెట్టి వండాడు. స్పీకరు గొడవ మర్చిపోయేంత బాగా కుదిరింది. పీతలు మీరే కొంటే కడుపు వైపు పెంకు నొక్కి చూడండి, మెత్తగా లోపలికి దిగితే లోపల మాంసం ఉండదు.

తిరుగుదారిలో గోపాలపూర్‌లో ఆగాం. అలల్లో దిగబోతుంటే ఒక నోళియా (సముద్రపు జాలరి) పెద్దాయన "అమ్మా, ఈయేళ వద్దు, లోపలికి లాగేస్తది" అన్నాడు, మన శ్రీకాకుళం యాసలోనే. అక్కడి సముద్రపు జాలర్లలో చాలామంది తెలుగువాళ్లే. స్నానం మానేసి వేడి పకోడీ తిని తప్తపాణి మీదుగా ఇంటి దారి పట్టాం.

కారు లేనివాళ్లు రైల్లో బరంపురంలోనో బాలుగావ్‌లోనో దిగండి. రంభకీ స్టేషన్ ఉంది గానీ ఎక్స్‌ప్రెస్‌లు చాలావరకు ఆగవు.