డెల్ఫ్ట్‌లో నా ఒంటి గేరు సైకిల్: ఏళ్లు తొక్కాక నా మాట

నెదర్లాండ్స్‌కు చదువుకో ఉద్యోగానికో పోయేవాళ్లు దిగిన మొదటి వారంలోనే సైకిల్ కొనుక్కోవాలి. అది గేర్ల స్పోర్ట్స్ సైకిల్ అయ్యుండకూడదు. అక్కడ ‘ఓమాఫీట్స్’ అంటారే, నడుం నిటారుగా పెట్టుకుని తొక్కే బరువైన పాతకాలం సైకిల్, అది తీసుకోవాలి. డెల్ఫ్ట్‌లో ఉన్నన్నాళ్లూ నేను తొక్కింది అదే. ఇప్పుడు తిరుపతిలో ఉన్నా. మా బైరాగిపట్టెడ వీధిలో ఒకమ్మాయి సెప్టెంబరులో అక్కడికే చదువుకు పోతోంది. "అక్కా, సైకిల్ లేకుంటే కుదరదా? బస్సులుండవా?" అని అడిగింది. తనకు చెప్పినవే కొంచెం వివరంగా రాస్తున్నా.

బస్సులుంటాయి, ట్రాములూ ఉంటాయి. అయినా జనం కంటే సైకిళ్లు ఎక్కువున్న దేశం అది. మనుషులు 1.8 కోట్ల చిల్లర, సైకిళ్లు సుమారు 2.3 కోట్లు. సైకిళ్లకని ఎర్ర తారు వేసిన దారి వేరు, సిగ్నల్ వేరు. ప్రొఫెసరూ, పిల్లల్ని బడికి తీసుకుపోయే తల్లీ, డెబ్బై దాటిన ముసలామె అందరూ అదే దారిలో పోతుంటారు. "అంత దూరం పొయ్యి సైకిల్ తొక్కతా ఉండావా?" అని మా అమ్మ ఫోన్లో బాధపడేది. ఒకసారి వచ్చి చూసిపోయాక మళ్లీ ఆ మాట అనలేదు.

ఇక సైకిల్ సంగతి. బరువు 20 కిలోల దాకా ఉంటుంది. చైన్ మొత్తానికి మూత ఉంటుంది కాబట్టి వానకు తుప్పు పట్టదు, ప్యాంటుకు గ్రీజు అంటదు. వెనక చక్రానికి రెండు పక్కలా గుడ్డలాంటి కవరు ఉంటుంది, మన మోటారు సైకిళ్లకు చీర గార్డు ఉన్నట్టు. చుడీదార్ వేసుకుని, చున్నీ ఎక్కడ చిక్కుకుంటుందోనన్న భయం లేకుండా నేను రోజూ తొక్కానంటే దాని చలవే. మన తాతల కాలం సైకిల్ తెలిసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. గాలి కొట్టే చోట మన పాత సైకిళ్లకుండే వాల్ ట్యూబు రకం వాల్వే చాలావాటికి ఉంటుంది.

అలవాటు పడాల్సింది బ్రేకుకు. చేతి కింద బ్రేకు ఉండదు. పెడల్‌ను వెనక్కి తొక్కితే వెనక చక్రం ఆగుతుంది. ఊరికే పెడల్ వెనక్కి తిప్పే అలవాటు మనందరికీ ఉంటుంది, అక్కడ అలా తిప్పితే బండి ఠక్కున నిలబడుతుంది. సిగ్నల్ దగ్గర ఆగాక పెడల్‌ను వెనక్కి తిప్పి పైకి తెచ్చుకోవడమూ కుదరదు. అందుకని ఆగేటప్పుడే కుడి పెడల్ పైన ఉండేలా ఆగాలి, అప్పుడు పచ్చ లైటు పడగానే ఒక్క తొక్కుతో కదలొచ్చు. వారం రోజుల్లో కాలికి వచ్చేస్తుంది. చేతి బ్రేకు కేబుళ్లు లేవు గనక రిపేరూ దాదాపు ఉండదు.

బియ్యం సంగతి చెప్పాలి. డెల్ఫ్ట్ నుంచి హేగ్ నగరం పది కిలోమీటర్ల లెక్క. అక్కడ సూరినామ్ నుంచి వచ్చి స్థిరపడిన భారత మూలాలవాళ్ల దుకాణాల్లో బియ్యం, కందిపప్పు, కరివేపాకు దొరుకుతాయి. పది కిలోల బియ్యం మూట కారియర్ మీద అడ్డంగా పెట్టి, దానికే ఉండే మూడు రబ్బరు పట్టీలు లాగి కొక్కేనికి తగిలిస్తే ఇల్లు చేరేదాకా కదలదు. రెండు పక్కలా వేలాడే సంచీల్లో కూరగాయలు. మా పాప పుట్టాక ఆ కారియర్ మీదే పిల్లల సీటు బిగించాం. హేగ్‌లో ట్రాము పట్టాలతో మాత్రం జాగ్రత్త. టైరు ఆ గాడిలో దిగితే పడిపోవడమే, పట్టాలను అడ్డంగా దాటాలి.

దీనికున్న లోపం గాలి. కొండలు లేని దేశం, సముద్రపు గాలికి అడ్డేముంటుంది? ఎదురుగాలి రోజున ఒంటి గేరుతో తొడలు పట్టేస్తాయి. మళ్లీ కొంటే వెనక చక్రం నడిమి హబ్ లోపలే మూడు గేర్లుండే రకం కొంటాను. డిసెంబరులో పొద్దున ఎనిమిదిన్నర దాటినా తెల్లవారదు, సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది. ముందూ వెనకా లైట్లు లేకుంటే జరిమానా. 2019 జులై నుంచి ఫోన్ చేత్తో పట్టుకుని తొక్కినా జరిమానానే.

సెకండ్ హ్యాండ్‌లో 100 నుంచి 200 యూరోల మధ్య మంచిదే దొరుకుతుంది. వీధిలో ఎవరో 20 యూరోలకు ఇస్తానంటే అది దొంగ సైకిలే అనుకోండి, కొన్నవాళ్లకూ కేసే. ఫ్రేము నంబరు పోలీసుల సైటులో చూసి కొనాలి. వెనక చక్రానికి అంటుకుని ఉండే గుండ్రటి తాళం ఒక్కటే సరిపోదు, దాన్ని సైకిల్‌తో సహా ఎత్తుకుపోతారు. లావు గొలుసు తాళం కొని స్తంభానికి కట్టండి, తాళానికి డబ్బు మిగిల్చుకోవద్దు. పంక్చరు వేయించాలంటే మన దగ్గర అయ్యేదానికి పది రెట్లకు పైనే అడుగుతారు, అతుకుల కిట్టు ఇంట్లో పెట్టుకోవాలి.

ప్రయాణాలకు రైలూ సైకిలూ కలిపి వాడుకోవాలి. రద్దీ లేని వేళల్లో సైకిల్‌కు వేరే టికెట్ కొని రైల్లో ఎక్కించుకోవచ్చు, మడిచే సైకిల్ అయితే టికెట్ అక్కర్లేదు. యూట్రెక్ట్ స్టేషన్ కింద 12,500 సైకిళ్లు పెట్టే స్టాండు ఉంది, అది చూడ్డానికైనా ఒకసారి పోవాలి. మాకు బాగా నచ్చిన దారి మాత్రం స్కీ కాలువ గట్టు వెంట రోటర్‌డామ్‌కు పోయేది. అక్కడి నుంచి ఇంకాస్త తొక్కితే కిండర్‌డైక్‌లో వరసగా 19 గాలిమరలు. దారుల కూడళ్లకు నంబర్లుంటాయి. నాలుగైదు నంబర్లు చీటీ మీద రాసుకుంటే మ్యాపు తీయకుండా పోయిరావచ్చు.

ఇదంతా చదునైన నేలకు చెప్పిన మాట. లీలామహల్ నుంచి అలిపిరి దాకా తొక్కి చూడండి, రోడ్డు ఎక్కుతూనే ఉంటుంది, ఒంటి గేరు అక్కడ పనికిరాదు. జర్మనీలో స్టట్‌గార్ట్ లాంటి ఎత్తుపల్లాల ఊరికి పోయేవాళ్లు గేర్లున్నదే కొనాలి. ఇక్కడి నుంచి మోసుకుపోవాల్సిందీ ఏమీ లేదు. గ్లవ్స్ కూడా అక్కడే కొనుక్కోండి, మన అంగళ్లలో దొరికేవి ఆ గాలికి ఆగవు.