వైద్య అధ్యాపకుల బోధన మెరుగుపడాలంటే వర్క్‌షాపు మేలా, తోటివారి పరిశీలన మేలా?

వైద్యంలో ఆరితేరినంత మాత్రాన బోధన దానంతట అదే రాదు. అయినా చాలామంది వైద్య అధ్యాపకులు బోధనలో శిక్షణ లేకుండానే, తమ గురువులు చెప్పిన తీరులో పాఠం చెబుతుంటారు. ఈ లోటు తీర్చడానికి ప్రధానంగా రెండు మార్గాలున్నాయి: రెండు మూడు రోజుల వర్క్‌షాపు నిర్వహించడం ఒకటి, తోటి అధ్యాపకుడు తరగతికో వార్డుకో వచ్చి బోధనను గమనించి తన అభిప్రాయం చెప్పడం మరొకటి.

వర్క్‌షాపులో ఎక్కువమందికి ఒకేసారి శిక్షణ ఇవ్వవచ్చు. పాఠ్య లక్ష్యాలు రాయడం, ప్రశ్నపత్రం కూర్చడం, ఓస్కీ (విద్యార్థులు ఒక్కో చోట ఒక్కో వైద్య నైపుణ్యాన్ని చేసి చూపించే పరీక్ష)కి స్టేషన్లు, అంటే ఆ పరీక్షా స్థానాలు, రూపొందించడం అక్కడే బాగా వస్తాయి. అయితే శిక్షణల మూల్యాంకనంపై పనిచేసిన అమెరికన్ నిపుణుడు డోనల్డ్ కిర్క్‌ప్యాట్రిక్ 1959లో శిక్షణ ఫలితాలను స్పందన, అభ్యసనం, ప్రవర్తన, తుది ఫలితం అని నాలుగు అంచెలుగా విభజించారు. వర్క్‌షాపు చివర నింపించే పత్రాలు సాధారణంగా మొదటి అంచెను దాటవు. వైద్య విద్య పరిశోధకురాలు ఇవాన్ స్టైనర్ట్ బృందం 2006లో వైద్య అధ్యాపకుల శిక్షణపై వచ్చిన 53 అధ్యయనాలను సమీక్షించినప్పుడు కూడా పాల్గొన్నవారి సంతృప్తి ఎక్కువగానే కనిపించింది. కానీ శిక్షణకు ఫలితమిచ్చే అంశాలుగా ఆ బృందం గుర్తించిన వాటిలో స్వయంగా సాధన చేయడం, అభిప్రాయం అందడం, తోటివారి తోడ్పాటు ఉన్నాయి.

పరిశీలన బలం సరిగ్గా ఇక్కడే ఉంది. రోగి మంచం పక్కన ప్రశ్న అడిగి, విద్యార్థి ఆలోచించేలోపే తానే జవాబు చెప్పేసే అధ్యాపకుడికి ఆ అలవాటు తెలియనే తెలియదు. పక్కన నిలబడి చూసినవారికి మాత్రం ఇట్టే తెలుస్తుంది. ఏం గమనించాలో ముందే మాట్లాడుకుని, చూసినది అదే రోజు ఏకాంతంలో చెబితే మరుసటి తరగతిలోనే సరిదిద్దుకోవచ్చు. పరిశీలకుడు రాసుకున్న నోట్సు పదోన్నతి ఫైలుకు చేరితే మాత్రం అది తనిఖీ అవుతుంది, అధ్యాపకుడు చూడటానికి వచ్చినవారి కోసమే ప్రత్యేకంగా ఒక పాఠం సిద్ధం చేసుకుంటాడు. కాబట్టి గోప్యత విషయంలో రాజీ పడకూడదు.

ఒక్కటే ఎంచుకోవలసి వస్తే నేను పరిశీలననే ఎంచుకుంటాను. కొత్తగా చేరినవారికి మాత్రం ముందు వర్క్‌షాపే అవసరం, ఎందుకంటే వారూ తోటివారిని పరిశీలించాల్సినవారే, దేన్ని మంచి బోధన అంటారో తెలియని పరిశీలకుడు "బాగుంది" అనడం మించి ఏమీ చెప్పలేడు. వైద్య విద్యలో డిగ్రీ చేయడం మూడో దారి, కానీ శిక్షణ విభాగాన్ని నడపబోయే కొద్దిమందికే అది తగినది.

పరిశీలనకు పెద్ద అడ్డంకి సమయం. రోగులను చూసే వైద్యులు (క్లినీషియన్లు) ఇద్దరికి ఒకే గంట ఖాళీ దొరకడం కష్టం కనుక, వార్డు పనులు లేని ఫిజియాలజీ (శరీరధర్మ శాస్త్రం) అధ్యాపకుడినీ సర్జన్‌నూ జతపరచడం మంచిది. విషయం తనది కానప్పుడు పరిశీలకుడు పాఠంలోని వివరాలపై వాదనకు దిగకుండా, విద్యార్థులు ఎక్కడ తడబడుతున్నారో గమనించగలుగుతాడు.