తెలుగు పుస్తకాల అట్టలకు క్రీటా: చాలాకాలం వాడాక నా మాట

పుస్తకాలకు ముఖచిత్రాలు, పిల్లల కామిక్స్‌కు అట్టలు కొత్తగా వేస్తున్నవాళ్లు "ఫొటోషాప్ కొనక తప్పదా?" అని అడుగుతుంటారు. బొమ్మ వరకైతే అక్కర్లేదు. కొన్నేళ్లుగా నా అట్టలన్నీ కంప్యూటర్‌లో బొమ్మలు గీసే క్రీటా అనే ప్రోగ్రామ్‌లోనే వేస్తున్నాను. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింట్లోనూ నడుస్తుంది. వాళ్ల వెబ్‌సైట్ నుంచి దించుకుంటే పైసా ఖర్చు లేదు. స్టీమ్‌లో డబ్బిచ్చి కొన్నా వచ్చేది అదే ప్రోగ్రామ్, కాకపోతే ఆ డబ్బు దాన్ని తయారుచేసేవాళ్లకు అందుతుంది. కుదిరినప్పుడు అలా కొనడమే న్యాయం.

క్రీటాకు ప్రాణం బ్రష్షులు. బాపు బొమ్మలు చూస్తూ పెరిగినవాళ్లకు గీత సన్నగా మొదలై, మలుపులో లావెక్కి, చివర మళ్లీ సన్నబడితేగానీ తృప్తి ఉండదు. ఇంక్ బ్రష్ తీసుకుని టూల్ ఆప్షన్స్‌లో స్టెబిలైజర్ (గీతను నిలకడగా ఉంచే సదుపాయం) పెడితే ఆ గీత వస్తుంది. చేతి వణుకు బొమ్మలోకి రాదు, పొడవాటి జడనైనా చీర కుచ్చిళ్లనైనా ఒక్క ఊపులో లాగొచ్చు. స్టెబిలైజర్‌లోని దూరం మరీ పెంచకండి, గీత పెన్ను వెనకాల ఈడ్చుకుంటూ వస్తుంది. 'ఎం' నొక్కితే బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది. కళ్లు ఎగుడుదిగుడుగా ఉన్నా, ముఖం ఓ పక్కకు ఒరిగినా అప్పటికప్పుడే కనిపిస్తుంది. ముఖచిత్రంలో ముఖమే పెద్దది కాబట్టి ఆ మీటను వదలను. చీర అంచుల్లాంటి డిజైన్లకు 'డబ్ల్యూ' నొక్కితే చాలు, కాన్వాస్ నాలుగు వైపులా అతుకు కనపడకుండా కలిసిపోతుంది.

ర్యామ్ దగ్గర మాత్రం బేరాలు కుదరవు. డెమ్మీ సైజు పుస్తకానికి ముందట్ట, వెన్ను, వెనకట్ట కలిపి, చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్‌తో (కోతలో పోయే అదనపు అంచుతో) 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కలతో వేస్తే కాన్వాస్ సుమారు 3500 × 2600 పిక్సెళ్లు. నిండుగా రంగు పూసిన ఒక్కో లేయర్ (ఒకదాని మీద ఒకటి పేర్చుకునే పొర) ఇంచుమించు 35 ఎంబీ తింటుంది. రంగుల్ని ఇంకా సూక్ష్మంగా దాచే 16 బిట్‌కు మారితే దానికి రెట్టింపు. లేయర్లు పెరిగి, పెద్ద బ్రష్ కూడా పెట్టుకుంటే 8 జీబీ లాప్‌టాప్ ఆయాసపడుతుంది.

రంగుల్లో అసలు టెన్షన్ అచ్చు దగ్గర మొదలవుతుంది. తెర మీద మెరిసిన నెమలికంఠం నీలం, చిలకపచ్చ నాలుగు రంగుల అచ్చులో చప్పబడిపోతాయి. బొమ్మను ఆర్‌జీబీలోనే (తెర రంగుల్లోనే) వేస్తూ మధ్యమధ్యలో కంట్రోల్ వై నొక్కి, అచ్చులో ఎలా ఉంటుందో చూసుకోవచ్చు. కంట్రోల్ షిఫ్ట్ వై నొక్కితే అచ్చుకు అందని రంగులున్న చోట్లన్నీ గుర్తుపడి కనిపిస్తాయి. ప్రెస్సువాళ్ల దగ్గర కలర్ ప్రొఫైల్ (వాళ్ల అచ్చులో రంగులు ఎలా వస్తాయో చెప్పే ఫైల్) ఉంటే అడిగి తెచ్చుకుని క్రీటాలో పెట్టుకోండి. పని పూర్తయ్యాక సీఎంవైకేకు (సయాన్, మెజెంటా, పసుపు, నలుపు అనే నాలుగు అచ్చు రంగులకు) మార్చి టిఫ్ ఫైల్‌గా దాచుకోవచ్చు. ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌లో ఈ సదుపాయం ఉండటం మామూలు విషయం కాదు.

ఇక అక్షరాలు. పుస్తకం పేరును క్రీటాలో టైపు చేయొద్దనే చెబుతాను. నేను వాడే 5.2లో టెక్స్ట్ రాయాలంటే వేరే పెట్టె తెరిచి, అందులో మార్చి, సేవ్ చేసి, వెనక్కి వచ్చి చూసుకోవాలి. తెలుగు శీర్షికకు ఆ పద్ధతి సరిపడదు. 'స్వాతంత్ర్యం' లాంటి మాట పైవరుసలో ఉంటే వత్తు కింద వత్తు దిగి కిందివరుస గుడులకు, తలకట్లకు తగులుతుంది. వరుసల మధ్య ఖాళీని వెంట్రుకవాసి జరుపుతూ, బొమ్మ మీదే చూస్తూ సర్దాలి. ఇంగ్లిషు శీర్షికకు సరిపోయే ఎడం మనకు ఎప్పుడూ చాలదు.

అందుకే నాకు నచ్చిన దారి, పేరును అదే ఇంక్ బ్రష్‌తో చేత్తో రాయడం. రామభద్ర, ధూర్జటి లాంటి ఉచిత ఫాంట్లు బాగానే ఉంటాయి గానీ, అవే ఎన్నో అట్టల మీద కనిపిస్తాయి. చేత్తో రాసిన అక్షరం బొమ్మలోని గీతతో కలిసిపోతుంది. కామిక్స్ అట్టకైతే మరీను.

వెనకట్ట మీది పరిచయం, ధర, వెన్ను మీది పేరు లాంటి చిన్న అక్షరాలను మాత్రం పేజీలు కూర్చే ప్రోగ్రామ్ స్క్రైబస్‌లో పెట్టాలి. ఇదీ ఉచితమే, 1.6లో తెలుగు వత్తులు సక్రమంగా కూర్చుంటాయి. క్రీటా నేరుగా పీడీఎఫ్ ఇవ్వదు కాబట్టి ఎలాగూ ఇక్కడికి రావాల్సిందే. రచయితలు అను ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత డీటీపీ ఫాంట్లలో) పంపిన మ్యాటర్‌ను ముందు యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. వెన్ను మందం పేజీలను బట్టి, కాగితాన్ని బట్టి మారుతుంది గనుక కొలత ప్రెస్సునే అడగండి. చిన్న అక్షరాలకు నూరు శాతం నలుపు ఒక్కటే ఇవ్వండి. నాలుగు రంగులూ కలిసిన నలుపైతే, అచ్చులో ఒక్కో రంగుకూ ఉండే ప్లేట్లు రవ్వంత జరిగినా వత్తుల చుట్టూ రంగు అంచులు తేలతాయి. ఫైల్ పంపేముందు స్క్రైబస్ అవుట్‌పుట్ ప్రివ్యూలో సయాన్, మెజెంటా, పసుపు ఆపేసి చూస్తే ఆ అక్షరాలన్నీ నలుపు ప్లేటులో చెక్కుచెదరకుండా నిలవాలి.