మాథేరాన్: దస్తూరీ నాకా దగ్గర విన్న అబద్ధం

"ఈ రోజు రైలు లేదమ్మా, ఇంజను చెడిపోయింది."

ముంబై దగ్గరి కొండ ఊరు మాథేరాన్‌కు వెళ్తూ, బండ్లన్నీ ఆగిపోయే దస్తూరీ నాకాలో ట్యాక్సీ దిగి, సామాను కింద పెట్టకముందే మాకు వినిపించిన మాట ఇది. నమ్మినందుకు రెండు వేల వంద రూపాయలు వదిలాయి. డబ్బు సంగతి అలా ఉంచితే, డెబ్బై ఏళ్ల మా అత్తయ్య ఆ పూటంతా కళ్లు తుడుచుకుంటూనే ఉన్నారు. మాథేరాన్ చక్కని ఊరు, మళ్లీ వెళ్తాను కూడా. అయినా ఈ ఊరి గురించి ఎవరు అడిగినా నేను మొదట చెప్పేది ఆ నాకా గురించే.

మేము వెళ్లింది 2025 జనవరిలో, సంక్రాంతి తర్వాత వచ్చిన శనివారం. నేను, మా ఆయన, ఆరో తరగతి చదివే మా అమ్మాయి, జహీరాబాద్ నుంచి వచ్చిన అత్తయ్య. మా తమ్ముడు ముంబై శివారు డోంబివిలిలో ఉంటాడు కాబట్టి అక్కడి దాకా ప్రయాణం సుఖంగా సాగింది. డోంబివిలి నుంచి కర్జత్ వైపు వెళ్లే లోకల్ ఎక్కితే నేరళ్ వస్తుంది. నేరళ్ నుంచి కొండ మీదికి నేరుగా చిన్న రైలు ఉంది కానీ, పైకి వెళ్లేవి రోజుకు రెండే. మేము చేరేసరికి రెండూ వెళ్లిపోయాయి. మనిషికి వంద చొప్పున ఇచ్చి షేర్ ట్యాక్సీలో ఘాట్ రోడ్డు ఎక్కాం. ఆ రోడ్డు దస్తూరీతో ఆగిపోతుంది. అక్కడి నుంచి ఊళ్లోకి రెండున్నర కిలోమీటర్లు.

ఈ రెండున్నర కిలోమీటర్లే మాథేరాన్ ప్రత్యేకత, అక్కడి తగాదాలన్నిటికీ మూలం కూడా. ఊళ్లోకి మోటారు వాహనాలు రాకూడదు. అంబులెన్సు, అగ్నిమాపక వాహనం తప్ప కార్లకు, స్కూటర్లకు ప్రవేశం లేదు. 2003లో కేంద్ర పర్యావరణ శాఖ ఈ ప్రాంతాన్ని పర్యావరణపరంగా సున్నితమైన మండలంగా ప్రకటించింది. కాబట్టి అప్పట్లో నాకా దాటాక ఎక్కువమంది నడిచేవారు, గుర్రమెక్కేవారు, మనుషులు లాగే రిక్షాలో కూర్చునేవారు, లేదంటే నాకాకు నాలుగడుగుల దూరంలోని అమన్ లాడ్జ్ స్టేషన్‌లో ఊళ్లోకి వెళ్లే షటిల్ రైలు ఎక్కేవారు. ఈ నాలుగో దారి సంగతి తెలియకుండా చేయడమే అక్కడ కొందరికి బతుకుతెరువు. అమన్ లాడ్జ్ అన్న పేరు విని దాన్ని హోటలనుకునేవాళ్లూ ఉంటారు. మేమూ అలాగే అనుకున్నాం.

పెద్దలకు యాభై, పిల్లలకు పాతిక చొప్పున ప్రవేశ పన్ను కట్టగానే ఒకతను మా వెంట పడ్డాడు. మెడలో ఏదో కార్డు ఉంది, మాట మర్యాదగా ఉంది. రైలు లేదు, నడక ఎత్తు ఎక్కువ, పెద్దావిడ నడవలేరు అన్నాడు. నాకూ అమ్మాయికీ గుర్రాలు ఒక్కొక్కటి ఆరు వందలు, అత్తయ్యకు రిక్షా తొమ్మిది వందలు. మా ఆయనకు అనుమానం వచ్చి "స్టేషన్ ఎక్కడ, ఒకసారి చూసొస్తాను" అన్నారు. "తాళం వేసి ఉంది సార్, అంత దూరం ఎందుకు" అన్నాడతను. అంత దూరం అన్నది ఐదు నిమిషాల నడక అని మర్నాడు తెలిసింది. అత్తయ్య మోకాళ్ల గురించిన భయంతో ఒప్పుకోమని తొందరపెట్టింది నేనే. ఆ తప్పు నాది.

రిక్షాకు ముగ్గురు మనుషులు. ఒకరు ముందు లాగేవారు, ఇద్దరు వెనక నెట్టేవారు. ఎర్రటి మట్టి దారి, మధ్య మధ్య రాళ్లు. ముందు లాగే ఆయనకు యాభై ఐదేళ్లు పైనే ఉంటాయి. మొదటి మలుపు దాటగానే ఆయన రొప్పు నాకు గుర్రం మీదికి వినిపించింది. అత్తయ్య అప్పటికే "ఆపు నాయనా, దిగుతాను" అంటున్నారు. ఆయన ఆపడం లేదు. ఆపితే కూలి తగ్గిస్తారని భయపడ్డారేమో. చివరికి ఆవిడ మా ఆయన చెయ్యి పట్టుకుని దిగేశారు. "నా బరువు ఇంకో మనిషి ఛాతీ మీద మోపించి నేను గాలి పీల్చుకోవడానికి కొండకు రావాలా?" అన్నారు. ఆ మాట మా అందరికీ సూటిగా తగిలింది.

సరిగ్గా అప్పుడే చెట్ల వెనక నుంచి కూత వినిపించింది. పట్టాలు నడకదారి పక్కనే వెళ్తాయి. చిన్న డీజిల్ ఇంజను, దాని వెనక బుల్లి పెట్టెలు, కిటికీల్లోంచి చేతులూపుతున్న పిల్లలు. ఖాళీ సీట్లు కూడా కనిపించాయి. మా అమ్మాయి గుర్రం మీద నుంచి "అమ్మా, ఇంజను బాగానే ఉంది కదా" అంది. రెండో తరగతి టికెట్టు అప్పుడు యాభై ఐదు రూపాయలు. నలుగురికీ కలిపి రెండు వందల ఇరవై దాటదు.

రిక్షా ముందు లాగే ఆయనను నేను గట్టిగానే నిలదీశాను. ఆయన గొంతు పెంచలేదు. "రైలు లేదని చెప్పింది మేము కాదమ్మా. ఆ మనిషికి మా కూలిలోంచి రెండు వందలు పోతాయి. మిగిలింది ముగ్గురం పంచుకుంటాం" అన్నారు. ఆయన తండ్రిదీ ఇదే పనట. తాను దిగి నడుస్తున్నా మొత్తం తొమ్మిది వందలూ ఇవ్వమని అత్తయ్యే మా ఆయనకు చెప్పారు. నేనూ కాదనలేకపోయాను. కోపమంతా ఆ కార్డు మనిషి మీదే మిగిలింది, ఇప్పటికీ అలాగే ఉంది.

ఖాళీ రిక్షా పక్కన నడుస్తూ ఆయనే మా అమ్మాయికి భాయి కోత్వాల్ గురించి చెప్పారు. ఆ పేరు నేనెప్పుడూ వినలేదు. తర్వాత చదివి తెలుసుకున్నాను. విఠల్ లక్ష్మణ్ కోత్వాల్ 1912 డిసెంబరు 1న మాథేరాన్‌లోనే ఒక పేద క్షురక కుటుంబంలో పుట్టారు. లా చదివి వకీలయ్యారు. క్విట్ ఇండియా ఉద్యమం మొదలయ్యాక 'ఆజాద్ దస్తా' పేరుతో దళం కట్టి, బొంబాయికి కరెంటు తీసుకెళ్లే పెద్ద స్తంభాలను ఒకదాని తర్వాత ఒకటి కూల్చారు. 1943 జనవరి 2న సిద్ధగఢ్ అడవిలో పోలీసు కాల్పులకు బలయ్యారు. ఆయనతోపాటు హిరాజీ పాటిల్ కూడా. అప్పటికి కోత్వాల్ వయసు ముప్పై ఏళ్లు. కొండ మీదికి వచ్చే పర్యాటకులకు లోయ అందాలు చూసే పాయింట్ల పేర్లు ముప్పై ఎనిమిది అప్పజెబుతారు గానీ, ఈ పేరు చెప్పేవారు తక్కువ. మాకు చెప్పింది రిక్షా లాగే మనిషి.

ఊరు పుట్టిన కథ మాత్రం అందరూ చెబుతారు. 1850 మే నెలలో ఠాణే కలెక్టరు హ్యూ మాలెట్ కొండ కింద చౌక్ దగ్గర మకాం వేసి, వన్ ట్రీ హిల్ పక్క లోయలోంచి పైకెక్కి ఈ చల్లని అడవిని చూశాడట. తర్వాత బొంబాయి గవర్నరు లార్డ్ ఎల్ఫిన్‌స్టన్ ముచ్చటపడి అభివృద్ధి చేయించాడు. మన హార్సిలీ హిల్స్ కథ కూడా ఇలాంటిదే, అక్కడ కడప కలెక్టరు. ఇలాంటి కథల్లో దొరగారు కొండను "కనుగొంటారు". ఆయనకు దారి చూపిన కొండ కింది ఊరివాడికి మాత్రం పేరుండదు. మరాఠీలో 'మాథా' అంటే తల, 'రాన్' అంటే అడవి. తల మీద అడవి ఉన్న కొండ అని పేరు పెట్టుకున్నవాళ్లు మాలెట్ కంటే ముందే అక్కడ ఉన్నారు కదా.

రైలు విషయంలో అసలు మెచ్చుకోవలసింది ఒక బొంబాయి వ్యాపారి కుటుంబాన్ని. అబ్దుల్ హుసేన్ ఆదమ్‌జీ పీర్‌భాయ్ 1904లో పని మొదలుపెట్టి 1907లో పూర్తిచేయించారు. ఖర్చు 16 లక్షల రూపాయలు, పెట్టుబడి తండ్రి సర్ ఆదమ్‌జీ పీర్‌భాయ్‌ది. పట్టాల మధ్య దూరం రెండడుగులే. దాదాపు 21 కిలోమీటర్లు కొండను చుట్టుకుంటూ ఎక్కుతుంది. 2005 జులై వరదల్లో దారి కొట్టుకుపోయి, 2007లో మళ్లీ తెరిచారు. వానాకాలంలో నేరళ్ నుంచి రైలు నడవదు, అమన్ లాడ్జ్ నుంచి షటిల్ మాత్రం నడుస్తుంది. ఈ ఒక్క వాక్యం గుర్తుపెట్టుకుంటే దస్తూరీలో మోసపోరు.

బస గురించి పెద్దగా చెప్పుకోవలసింది లేదు. బజారు దాటాక పాత బంగళా ఒకటి, నలుగురికీ కలిపి ఒక పెద్ద గది, శనివారం రాత్రికి 3,800. ఎత్తైన పైకప్పు, చుట్టూ వరండా, దుప్పట్లు శుభ్రం. వేడినీళ్లు ఉదయం ఏడు నుంచి తొమ్మిది దాకానే. కిటికీ తీసి ఉంచితే కోతులు లోపలికి వస్తాయని చెప్పారు, మేము పట్టించుకోలేదు. పండక్కి అత్తయ్య చేసి తెచ్చిన సకినాల డబ్బా పోయింది. సగం ఖాళీ అయిన డబ్బా చెట్టు కింద దొరికింది.

మధ్యాహ్నం దాటాక కూడా అత్తయ్య ముభావంగానే ఉన్నారు. బంగళావాళ్ల భోజనం వద్దని బజారు వెనక సందులో నడుస్తుంటే, ఒక ఇంటి ముందు రెండు బల్లలు, లోపల కట్టెల పొయ్యి, పొయ్యి ముందు ఒక నడివయసు ఆవిడ కనిపించారు. బియ్యప్పిండి రొట్టె కావాలా, జొన్న రొట్టె కావాలా అని అడిగారు. జొన్న అన్న మాట వినగానే అత్తయ్య ముఖం మారిపోయింది. జహీరాబాద్‌లో రెండు పూటలా జొన్న రొట్టె తినే మనిషికి మూడు రోజులుగా అది దొరకలేదు. ఆవిడ పిండి తడిపి, అరచేతుల మధ్య తట్టి, పెనం మీద వేసి, పైన నీళ్లు పూసి, తర్వాత నిప్పుల మీద పొంగించారు. పక్కన వెల్లుల్లి ఘాటుతో పిఠ్‌లా అనే శనగపిండి కూర, ఠేచా అనే పచ్చిమిర్చి పచ్చడి, పచ్చి ఉల్లిపాయ, మజ్జిగ. అత్తయ్య పొయ్యి దగ్గరికే వెళ్లి కూర్చున్నారు. ఈవిడకు మరాఠీ రాదు, ఆవిడకు తెలుగు రాదు. అత్తయ్య దక్కనీ ఉర్దూలో ఒకటంటే, ఆవిడ మరాఠీలో ఒకటన్నారు, ఇద్దరూ పిండి పాళ్ల గురించి అరగంట మాట్లాడుకున్నారు. ఒక రొట్టె అత్తయ్య తట్టారు కూడా. పళ్లెం నూట యాభై. మా అమ్మాయి మూడు రొట్టెలు తింది. నేను ఏ హోటల్లోనూ ఇంత తృప్తిగా తినలేదు. డబ్బు తీసుకుంటూ ఆవిడ అత్తయ్య తట్టిన రొట్టెకు లెక్క కట్టలేదు.

సాయంత్రం లూయిసా పాయింట్‌కు నెమ్మదిగా నడిచాం. దారిలో అత్తయ్య వంగి గుప్పెడు మట్టి తీసి చూశారు. "ఇది మన కోహీర్ మట్టిలా ఉంది" అన్నారు. ఆ మాట నిజం. కింద దక్కను లావా రాయి, పైన లక్షల ఏళ్ల వానలకు అది నాని, మెత్తబడి, ఇనుము మిగిలి ఎర్రబడిన లేటరైట్ పొర. సుమారు ఆరున్నర కోట్ల ఏళ్ల కిందట పారిన ఆ లావా ఇటు సహ్యాద్రి నుంచి అటు మన జహీరాబాద్, వికారాబాద్ దాకా పరుచుకుంది. బీదర్ కోట కట్టడంలోనూ ఈ ఎర్ర రాయి వాడారు. మాథేరాన్ ఎత్తు దాదాపు 800 మీటర్లు, కొండ తల బల్లపరుపు, అంచుల్లో మాత్రం నిలువు గోడలు. లూయిసా అంచున నిలబడితే లోయకు అవతల ప్రబల్‌గఢ్ కొండకోట ఇలాగే కత్తితో కోసినట్టు కనిపిస్తుంది. మధ్యలో కొట్టుకుపోయిన రాయి ఎంతో ఊహిస్తే గుండె ఝల్లుమంది. తెల్ల చెప్పులు మాత్రం వేసుకోవద్దు, ఆ ఎరుపు ఉతికినా పోదు.

గుర్రం మీద పన్నెండు పాయింట్లు చూపిస్తామనే బేరాలకు దయచేసి ఒప్పుకోకండి. ఒక్కొక్క చోట ఐదు నిమిషాలు ఆపి తోలుకుపోతారు. పొద్దున్నే పనోరమా పాయింట్, సాయంత్రం లూయిసా, మధ్యలో షార్లెట్ చెరువు ఒడ్డున పిసర్‌నాథ్ గుడి, ఇవి చాలు. ఆ చెరువు ఊరి మంచినీళ్లకు ఒక ఆధారం, అందులో ప్లాస్టిక్ పడేసేవాళ్లను చూస్తే మా ఆయనకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. పనోరమాకు నేనూ అమ్మాయీ మాత్రమే వెళ్లాం. మంచు విడుతుంటే కింద నేరళ్ ఊరు అగ్గిపెట్టెలు పేర్చినట్టు కనిపించింది.

మేము వచ్చాక ఏడు నెలలకు, 2025 ఆగస్టులో, మాథేరాన్‌లో మనుషులు లాగే రిక్షాలు మానవ గౌరవానికి విరుద్ధమని, ఆరు నెలల్లో ఆపేయాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. లాగేవాళ్లకే ఈ-రిక్షాలు ఇవ్వాలని చెప్పింది. ఈ-రిక్షాలు కావాలని ఏళ్లుగా కోర్టు చుట్టూ తిరిగింది కూడా ఆ కార్మికులే. పేపర్లో ఆ వార్త చదివి అత్తయ్యకు ఫోను చేశాను. "ముందు నిలబడి లాగిన ఆయనకు కూడా బండి వస్తుందా?" అని అడిగారు.

ఆదివారం మధ్యాహ్నం షటిల్ రైల్లోనే వెనక్కి వచ్చాం. పావుగంట ప్రయాణం. అత్తయ్య కిటికీ పక్కన కూర్చుని ఆ నడకదారినే చూస్తూ వచ్చారు. అమన్ లాడ్జ్‌లో దిగి దస్తూరీ వైపు నడుస్తుంటే, మెడలో కార్డున్న మరొకతను ఒక కుటుంబాన్ని ఆపి మాట్లాడుతున్నాడు. ఐదుగురు, అందులో చేతికర్రతో ఒక ముసలాయన. "ట్రైన్ బంద్" అన్న మాట మాకు స్పష్టంగా వినిపించింది. మా ఆయన కదిలేలోపే అత్తయ్య మోకాళ్ల నొప్పి మరిచిపోయి ముందుకు వెళ్లారు. కొంగున ముడివేసిన టికెట్టు ముక్క విప్పి ఆ ముసలాయన చేతిలో పెట్టారు. "రైలు ఉంది. మేము ఇప్పుడే దిగాం. స్టేషన్ అదిగో" అన్నారు. కార్డు మనిషి ఏదో గొణిగాడు, ఆవిడ అతని వైపు చూడలేదు. ఆ ఐదుగురూ టికెట్ కిటికీ ముందు వరసలో నిలబడేదాకా అక్కడే ఉండి, అప్పుడు ట్యాక్సీ ఎక్కారు.